మునెమ్మది మునెమ్మకు

ఈ ప్రయాణం మూడు రోజుల్లో ముగియాల్సింది. నాకు ఐదు రోజులు పట్టింది. ఆ రెండు రోజులు బస్సులు ఆలస్యమై పోలేదు, నా పిరికితనానికి పోయాయి. ఈ మాట ముందే చెప్పేస్తే చదివేవాళ్లకు నా మీద లేనిపోని గౌరవం ఏర్పడదు.

హైదరాబాదులో ఒక పరిశోధనా సంస్థలో ముప్ఫై ఏళ్లుగా క్యాన్సర్ కణాల మీద పని చేస్తున్నాను. దవడ లోపల వచ్చే క్యాన్సర్‌లో ఏ జన్యువు చెడిపోతుంది, చెడిపోయాక ఆ కణం ఆగకుండా రెండుగా, నాలుగుగా ఎందుకు చీలిపోతుంది అన్నది నా పని. ఆ పనంతా ఒకే మనిషి మీద నిలబడింది. ఆమె పేరు మునెమ్మ, కుప్పం దగ్గర రామకుప్పం వైపు పల్లె. ఇరవై రెండేళ్ల కిందట మదనపల్లెలో ఒక ఆసుపత్రిలో ఆమె దవడ పుండు నుంచి కోసిన చిన్న ముక్కను ఐసు డబ్బాలో పెట్టుకుని హైదరాబాదు తీసుకెళ్లాను. అలాంటి ముక్కలు గాజు పళ్లెంలో నాలుగు వారాలు ఉండి చచ్చిపోతాయి. మునెమ్మవి చావలేదు. వాటికి ఎం-వన్ అని పేరు పెట్టాను. మునెమ్మ మాత్రం ఆ ఏడాదే పోయింది.

ఎం-వన్ మీద వ్యాసాలు రాశాను, ప్రమోషన్లు తీసుకున్నాను, శాలువాలు కప్పించుకున్నాను. మొదటి వ్యాసం అచ్చయిన ఊపులో రామకుప్పం దాకా వెళ్లి, మునెమ్మ భర్త గంగులప్ప చేతిలో ఆ కణాల ఫోటో ఒకటి ఫ్రేము కట్టించి పెట్టాను. పక్కన విలేకరి కూడా ఉన్నాడు. “మీ మునెమ్మ పోలేదప్పా, మా ల్యాబులో బతికే ఉంది” అన్నాను. ఆ మాట బాగుందని నాకే అనిపించింది.

కిందటేడు ఒక సైన్సు పత్రిక, ఎం-వన్ నిజంగా ఆ రోగివేనని డీఎన్ఏ పరీక్ష చేసి చూపించమంది. ఇప్పుడు అందరినీ అడుగుతున్నారు. మునెమ్మ ముక్కలో ఇంకో భాగం ఆసుపత్రి బీరువాలో మైనపు దిమ్మలో భద్రంగా ఉంది. తెప్పించి రెండూ పోల్చాం. కలవలేదు. మా ల్యాబులోనే పెరుగుతున్న ఇంకెవరివో కణాలు, బయటినుంచి తెచ్చినవి, ఒక్క చుక్కతో మునెమ్మ పళ్లెంలో పడి, జోరుగా పెరిగి ఆమె కణాలను లేకుండా చేశాయి. మా వృత్తిలో ఇది అందరికీ తెలిసిన తప్పే, పాఠంగా పిల్లలకు చెబుతాం కూడా. చెప్పే పంతులమ్మే చేసింది.

పత్రికలకు ఉత్తరం తయారుచేశాను: “అనుకోకుండా జరిగిన సాంకేతిక లోపం వల్ల ఈ వ్యాసాలను ఉపసంహరించుకుంటున్నాను” అని. అది ఇంకా పంపలేదు. ముందు గంగులప్పకు చెప్పాలి. ఆ పని ఎనిమిది నెలలు వాయిదా వేసి, ఆఖరికి మదనపల్లె బస్సు ఎక్కాను.

మదనపల్లె: రెండు కిలోల టమోటాలు

బస్సు దిగేసరికి చలి. మా గుడివాడ వైపు ఫ్యాను లేనిదే కన్ను మూతపడని రోజుల్లో ఇక్కడ జనం దుప్పట్లు కప్పుకుని టీ తాగుతున్నారు. టీ పది రూపాయలు, అల్లం ఘాటుగా ఉంది.

మదనపల్లె వెళ్లి టమోటా మార్కెట్టు చూడలేదంటే ఎవరూ నమ్మరని అటు నడిచాను. ఎటు చూసినా ఎర్రటి బాక్సులు, లారీలు, వేలం కేకలు. నిమ్మనపల్లె నుంచి వచ్చిన ఒక రైతమ్మ ఖాళీ బాక్సు బోర్లించి దాని మీద కూర్చుని ఉంది. ధర అడిగాను.

“ఈ పొద్దు బాక్సు మూడు నూర్లు పలికిందమ్మా. పోయిన వారం ఇదే బాక్సు ఏడు నూర్లు. టమేటా ఏం మారలేదు, నేనూ మారలేదు” అని నవ్వింది. “నువ్వేం పని సేస్తావు?”

క్యాన్సర్ మీద పరిశోధన అన్నాను.

“మందు కనుక్కున్నావా?”

“లేదు.”

“ఎన్నేండ్ల నుంచి సేస్తాండావు?”

“ముప్ఫై.”

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. “సర్లే, సేసుకుంటా పో” అని, వద్దంటున్నా రెండు కిలోల టమోటాలు నా సంచిలో పోసింది. డబ్బు ఇవ్వబోతే చెయ్యి తోసేసింది. జాలిపడి పెట్టినవిలా ఉన్నాయి ఆ టమోటాలు.

అక్కడి నుంచి విజయమ్మ ఇంటికి వెళ్లాను. మునెమ్మకు ముక్క కోసిన రోజు పక్కన ఉన్న నర్సు ఆవిడే, ఇప్పుడు రిటైరై బస్టాండు వెనక సందులో ఉంటోంది. కాఫీ ఇచ్చింది. జరిగిందంతా చెప్పాను. గ్లాసు అంచు వేలితో రుద్దుతూ అడిగింది.

“ఆ పొద్దు మునెమ్మ ఏమడిగిందో నీకు గుర్తుండాదా మేడమ్మా?”

లేదన్నాను.

“‘అక్కా, ఆ ముక్క మళ్లా నాకిస్తారా? మట్టిలో పెట్టేటప్పుడు నాది నాకాడ ఉండల్ల గదా’ అనింది. వాళ్లల్లో అది పట్టింపు. పన్ను ఊడినా దాచిపెట్టుకుంటారు, కూడా పెట్టి పూడ్సేదానికి. నేను ఇస్తాంలే అంటిని. ఒప్పుకున్నట్టు కాగితం మీద వేలిముద్ర కావల్ల గదా మరి. నువ్వు పక్కన నిలబడి గడియారం సూసుకుంటాండావు.”

హైదరాబాదు బస్సుకు ఆలస్యమవుతుందని చూసుకుని ఉంటాను. ఐసు కరిగిపోతుందని బాధ. నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

“ఆ మైనం దిమ్మ ఇప్పుడు యాడుండాది?” అంది విజయమ్మ.

“నా సంచిలోనే. ఆసుపత్రి వాళ్లు సంతకం పెట్టించుకుని ఇచ్చేశారు. గంగులప్పకు చూపిద్దామని తెచ్చాను. డీఎన్ఏ కాగితాలు కూడా తెచ్చాను. ఆధారం లేకుండా మాట్లాడటం నాకు చేతకాదు.”

“ఆయప్పకు ఆధారం యాలమ్మా? దిమ్మ ఇచ్చెయ్. అది ఆయమ్మది.”

దిమ్మ చూపిద్దామని సంచిలో చెయ్యి పెడితే తడి తగిలింది. అడుగున పడ్డ టమోటాలు చితికి రసమంతా కాగితాల్లోకి ఇంకింది. ఆ గీతలు, ఆ అంకెలు, రంగు రంగుల పట్టీలు, అన్నీ ఎర్రటి ముద్ద అయిపోయాయి. డబ్బాలో ఉన్న దిమ్మకు మాత్రం ఏమీ కాలేదు. విజయమ్మ ఆ కాగితాలను చెత్తబుట్టలో వేసి, మిగిలిన టమోటాలతో రోటిపచ్చడి నూరి పెట్టింది. ఇక గంగులప్ప ముందు దాక్కోవడానికి నా దగ్గర కాగితం ముక్క కూడా లేదు.

పుంగనూరు: అసలుది కాని దూడ

నేరుగా కుప్పం పోయే బస్సు ఉంది. అయినా పుంగనూరులో దిగిపోయాను. ఇంత దూరం వచ్చి ఆ పొట్టి ఆవులను చూడకపోతే ఎట్లా అని నాకు నేనే చెప్పుకున్నాను. లాడ్జిలో గది తీసుకుని మొదటి రోజంతా పడుకున్నాను. రేణుకకు, అంటే గంగులప్ప కూతురికి, జ్వరం అని అబద్ధం మెసేజ్ పెట్టాను. ఆ పిల్ల వెంటనే ఫోన్ చేసి, మిరియాల కషాయం తాగమని, నాయన దిగులు పడుతున్నాడని చెప్పింది. ఛీ అనిపించింది.

రెండో రోజు చౌడేపల్లె దారిలో రెడ్డెప్ప అనే రైతు దగ్గరికి ఆటోలో వెళ్లాను. పెద్దావు కూడా నా నడుం దాటి లేదు. మా కృష్ణా జిల్లాలో గేదె పాలు లేని ఇల్లు ఉండదు గానీ, ఇంత బుజ్జి ఆవును నేనెప్పుడూ చూడలేదు. అది నా చీర కొంగు నమలబోయింది.

అప్పుడే బెంగళూరు నుంచి కారులో ఒకాయన వచ్చాడు. కొత్త ఇంటి ముందు కట్టుకోవడానికి పుంగనూరు దూడ కావాలట. గోధుమరంగు దూడ ఒకదాన్ని చూసి ముచ్చటపడ్డాడు. ఇదే కావాలి, ఎంతైనా సరే అన్నాడు.

“అది కాదు సార్” అన్నాడు రెడ్డెప్ప. “అది పొట్టిగా ఉండాది, అంతే. తల్లి నాటావు. రెండేండ్లు పోతే పెరిగిపోతాది.”

“చూడ్డానికి అట్లాగే ఉంది కదా. నాకు పర్వాలేదు.”

“మీకు పర్వాలేదు సార్. నాకు పర్వా ఉండాది.”

ఆయన విసుక్కుంటూ వెళ్లిపోయాడు. రెడ్డెప్ప దూడ మెడ గోకుతూ ఉన్నాడు. నేను ఊరుకోలేక, అమ్మేస్తే ఎవరికి తెలిసేది అన్నాను.

“ఎవురికీ తెలిసేది కాదమ్మా. నాకు తెల్సు గదా. తల్లి ఏదో తెలిసినోడు తెలీనట్టు ఎట్లుండేది?”

ఎలా ఉండాలో నాకు బాగా తెలుసు. పదేళ్ల కిందట పాత నోటుబుక్కు తిరగేస్తుంటే, మొదటి వ్యాసానికి ముందే ఒక వారం ఎం-వన్ కణాలు ఉన్నట్టుండి రెట్టింపు వేగంతో పెరిగినట్టు కనిపించింది. ఆకారం కూడా మారింది. నోటుబుక్కులో ఆ తేదీ పక్కన పెన్సిల్‌తో ఒక ప్రశ్న గుర్తు పెట్టాను. అప్పుడే పరీక్ష చేయించి ఉంటే ఒక్క రోజు పని. కానీ అప్పుడు ఒక పెద్ద గ్రాంటు రావాల్సి ఉంది. పేజీ తిప్పేశాను. ఆ ప్రశ్న గుర్తు సంగతి మా ల్యాబులో ఎవరికీ తెలియదు. నేను రాసిన ఉత్తరంలోనూ లేదు. అందుకే అది “అనుకోకుండా జరిగిన సాంకేతిక లోపం” అయింది.

రెడ్డెప్ప ఇచ్చిన పాలు చిక్కగా, కొంచెం పచ్చగా ఉన్నాయి. తాగి, సాయంత్రం లాడ్జి ఖాళీ చేశాను.

కుప్పం దారి: బతికుండే పెండ్లాం

పలమనేరు దాటాక బస్సులో మూడు భాషలు మొదలయ్యాయి. కండక్టరు ముందు సీటాయనతో తమిళం, వెనకావిడతో కన్నడం, నాతో తెలుగు మాట్లాడాడు. చిల్లర మాత్రం ఏ భాషలోనూ ఇవ్వలేదు.

ఆ రాత్రి కుప్పంలో ఉండి, పొద్దున బస్టాండుకు వెళితే రేణుక స్కూటీతో నిలబడి ఉంది. తల్లి పోయినప్పుడు ఎనిమిదేళ్ల పిల్ల, ఇప్పుడు పక్క ఊరి సచివాలయంలో ఉద్యోగం చేస్తోంది. నా కోసం సెలవు పెట్టింది. “జొరం తగ్గిందా మేడమ్?” అంది. తగ్గిందన్నాను.

దారికి రెండు వైపులా రాగి చేలు. అడవి అంచున కొన్ని మళ్లు అణగదొక్కి ఉన్నాయి. ఏనుగులు మొన్న వచ్చి పోయాయట. నాయన రెండు రోజులుగా చేను కాపలాకు పోయి సరిగా నిద్రపోలేదని చెప్పింది.

“ఇన్నేళ్లూ ఒక్కడేనా? మళ్లీ పెళ్లి చేసుకోలేదా?” అని మామూలుగా అడిగాను.

“యాడ మేడమ్! మా మేనత్త రెండు సంబంధాలు తెచ్చింది. నాయన ఒప్పుకోల్యా. బతికుండే పెండ్లాం ఉండంగా ఇంకోటి యాల అంటాడు. మేడమ్ బతికుండాదని చెప్పింది గదా అంటాడు. ఊళ్లో నవ్వుతారు.” ఆమె కూడా నవ్వింది. “పెద్దల అమావాస్యకు పోయినోళ్లందరికీ గుడ్డలు పెట్టి, ఆకు ఏసి పెడతాము గదా. మాయమ్మకు పెట్టనీడు. సగం బతికుండే మనిషికి పెడితే తప్పు అంటాడు.”

స్కూటీ వెనక కూర్చున్నాను కాబట్టి ఆమె నా ముఖం చూడలేదు.

రామకుప్పం వైపు పల్లె: మునెమ్మ బాగుండాదా?

గంగులప్ప గడప దగ్గరే ఉన్నాడు. జుట్టంతా నెరిసింది. రెండు చేతులూ పట్టుకుని లోపలికి తీసుకెళ్లాడు. ఒక గోడకు పోయిన పెద్దల ఫోటోలు, కుంకుమబొట్లతో, దండలతో ఉన్నాయి. ఎదురుగోడకు దేవుడి పటాలు. వాటి పక్కన నేనిచ్చిన ఫ్రేము. అందులో ఊదారంగు చుక్కలు, చుక్కలు. దానికి దండ లేదు. అద్దం మాత్రం రోజూ తుడుస్తున్నట్టు మెరుస్తోంది.

మాట్లాడాలి అన్నాను. “ముందు తినమ్మా. ఉత్త కడుపుతో మాట యాల” అన్నాడు. వేడి వేడి రాగిసంగటి, నాటుకోడి పులుసు, చెనిక్కాయల ఊరిబిండి, అంటే వేరుశనగ పచ్చడి. నేను సంగటిని అన్నంలా నమలబోతే పళ్లకు అంటుకుపోయింది. “నమిలేది కాదమ్మా, మింగల్ల” అని చూపించాడు. మింగాను. గొంతు కాలింది. వాళ్ల తిండి తిని ఆ మాట చెప్పబోతున్నానని నా మీద నాకే అసహ్యం వేసింది.

చేతులు కడుక్కున్నాక ఆయన వక్కాకు పళ్లెం ముందుకు జరిపాడు. పొగాకు లేదు, మునెమ్మ పోయినప్పటినుంచి ఆ ఇంట్లో పొగాకు లేదు. తర్వాత, ఊరికి వెళ్లిన చుట్టాన్ని గురించి అడిగినట్టు అడిగాడు.

“మా మునెమ్మ బాగుండాదా?”

నేను చెప్పాను. ఆధారాలు లేవు, బొమ్మలు లేవు. తడబడుతూ, రెండుసార్లు మొదటికి వచ్చి చెప్పాను. ఆ పళ్లెంలో పెరిగింది మునెమ్మ కాదని. మునెమ్మవి ఎప్పుడో చచ్చిపోయాయని. వేరే ఎవరివో పెరుగుతుంటే నేను మునెమ్మ అనుకున్నానని.

ఆయన పళ్లెం పక్కకు జరిపాడు. “అంటే, మా రాగి చేలో ఎవురిదో ఇత్తనం పడి, అదే ఏపుగా ఎదిగి, మాది చచ్చిపోయినట్టు.”

“అవునప్పా.”

“మీరు దాన్నే కోసుకుంటాండారు.”

“అవును.”

రేణుక వంటగది గుమ్మంలో నిలబడి ఉంది. “మీకెప్పుడు తెల్సింది మేడమ్?” అని అడిగింది. గొంతులో ఇందాకటి నవ్వు లేదు.

ఎనిమిది నెలలు అనబోయాను. అది నిజమే. కానీ పుంగనూరులో ఆ దూడ, రెడ్డెప్ప చెయ్యి గుర్తొచ్చాయి. “పరీక్ష చేసి ఎనిమిది నెలలు” అన్నాను. “అనుమానం మాత్రం పదేళ్ల కిందటే వచ్చింది. చూడలేదు. చూస్తే నా పని పోతుందని చూడలేదు.” ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.

“పదేండ్లా!” అని రేణుక లోపలికి వెళ్లిపోయింది. గిన్నెలు గట్టిగా పెట్టిన చప్పుడు వినిపించింది.

గంగులప్ప లేచి ఫ్రేము దించాడు. వెలుతురులో పట్టి చూశాడు. “ఇందులో ఉండేది ఎవురు మరి?”

“తెలియదప్పా. ఎవరో ఆడమనిషి, ఎక్కడో ఒక రోగి. చాలా ఏళ్ల కిందటే పోయి ఉంటుంది.”

“ఆయమ్మకు ఎవురన్నా పెడతాండారా?”

ముప్ఫై ఏళ్లు కణాలు చూశాను, ఒక్కసారి కూడా ఆ ప్రశ్న రాలేదు. ఆయన ఫ్రేమును పైపంచెతో తుడిచి, ఈసారి పెద్దల ఫోటోలున్న గోడకు తగిలించాడు. వేలితో కుంకుమబొట్టు పెట్టాడు. “ఆయమ్మ ఏం జేసింది పాపం” అన్నాడు.

అప్పుడు నేను దిమ్మ తీసి ఇచ్చాను. అగ్గిపెట్టెలో సగం ఉంటుంది. పరీక్షల కోసం చెక్కగా చెక్కగా, మైనం మధ్య గోరంత మచ్చ మిగిలింది. అదే మునెమ్మ. ఆయన అరచేతిలో పెట్టుకుని “ఇంతేనా” అన్నాడు. తర్వాత “పదమ్మా” అన్నాడు.

చేను గట్టు

మునెమ్మను పూడ్చింది వాళ్ల చేను గట్టు మీదే. రేణుక కూడా వచ్చింది, నాతో మాట్లాడకుండా. గంగులప్ప గడ్డపారతో జానెడు గుంట తవ్వాడు. దిమ్మ ఆయనే పెడతాడనుకుని వెనక్కి జరిగాను. ఆయన దాన్ని నాకే తిరిగి ఇచ్చాడు.

“తీసుకున్నది నువ్వే గదమ్మా. నువ్వే పెట్టు.”

మోకాళ్ల మీద కూర్చుని పెట్టాను. మన్ను కప్పుతుంటే ఆయన సమాధి వైపు చూసి, కబురు చెప్పినట్టు అన్నాడు: “మునెమ్మా, నీది నీకు వచ్చేసింది. ఈ అమావాస్యకు చీర పెడతాలే.”

నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే ఓదారుస్తాడేమోనని భయపడి ఆపుకున్నాను.

తిరిగి వస్తుంటే ఆయన తువ్వాలు భుజాన వేసుకుని, తేలిగ్గా, వేళాకోళంగా అన్నాడు. “పదేండ్ల ముందరే సెప్పుంటే ఇంకో పెండ్లి సేసుకునేటోన్ని గదమ్మా. అప్పుడు నాకు నలభై ఎనిమిది. జుట్టు గూడా నల్లంగా ఉండె.” నవ్వాడు. రేణుక నవ్వలేదు. కొంచెం దూరం నడిచాక ఆయన నవ్వు కూడా ఆగిపోయింది.

తిరిగొచ్చాక

పత్రికలకు ఉత్తరం పంపేశాను. “అనుకోకుండా జరిగిన సాంకేతిక లోపం” కొట్టేసి, పదేళ్ల కిందటి ప్రశ్న గుర్తు గురించి రాశాను, ఆ పేజీ ఫోటో తీసి జతచేశాను. మా సంస్థలో ఇప్పుడు నన్ను చూస్తే కొందరు దారి మార్చుకుంటున్నారు. అది న్యాయమే. రేణుక నా మెసేజ్‌లకు ఇంకా జవాబు ఇవ్వలేదు. అదీ న్యాయమే. నిన్న గంగులప్ప మాత్రం ఎవరి చేతో ఫోన్ చేయించి, జ్వరం మళ్లీ రాలేదు కదా అని అడిగాడు. ఆ జ్వరం అబద్ధమని అప్పుడు చెప్పాను. “తెల్సులేమ్మా” అన్నాడు.

మీరెవరైనా ఆ వైపు వెళితే మదనపల్లెలో అల్లం టీ తాగండి, చౌడేపల్లె దారిలో రెడ్డెప్ప ఆవులను చూడండి, సంగటి నమలకుండా మింగండి. రామకుప్పం వైపు ఆ ఇంటికి పోతే మాత్రం నా పేరు చెప్పకండి. చెబితే, నేను చేసిందంతా తెలిసి కూడా, వాళ్లు మిమ్మల్ని కూర్చోబెట్టి అన్నం పెడతారు.